ఇంటర్వెల్ కబుర్లు: గేటు దగ్గర మిలట్రీ బాబాయి

"మిలట్రీ డ్రెస్సు మన సినిమావాళ్ళలో ఎవరికి బాగా నప్పింది? మీ ఓటు ఎవరికి? దాటెయ్యకుండా చెప్పాలి" అని ఓ కాలేజీ కుర్రాడు రాశాడు. 'దాటెయ్యకుండా' అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాడు. నా సంగతి బాగానే కనిపెట్టాడన్నమాట!

సరే, లెక్క చూద్దాం. 'సరిలేరు నీకెవ్వరు' (2020)లో మహేష్‌బాబుకి నప్పలేదని ఎవరైనా అంటే ఆ వూళ్ళో వాళ్ళ ఇంటికి రాళ్ళు పడతాయి. 'కంచె' (2015)లో వరుణ్‌తేజ్ రెండో ప్రపంచయుద్ధం నాటి ఖాకీలో నిజంగా ఆ కాలం మనిషిలాగే వున్నాడు. 'మేజర్' (2022)లో అడివి శేష్, 'సీతారామం' (2022)లో దుల్కర్ సల్మాన్... ఇద్దరూ ఆడపిల్లల చేత కన్నీళ్ళు పెట్టించారు. ఇక పెద్దాయన సంగతి చెప్పక్కర్లేదు. డెబ్బైకి దగ్గర పడ్డ వయసులో 'మేజర్ చంద్రకాంత్' (1993)లో ఎన్.టి.ఆర్. ఆ టోపీ పెట్టుకుంటే, అందులో జాలాది రాసిన దేశభక్తి పాట ఇవాళ్టికీ ఆగస్టు 15న ప్రతి స్కూలు మైకులోనూ మోగుతోంది.

అన్నట్టు, ఈ మేజర్ చంద్రకాంత్ అన్న పేరుకో పాత కథ వుంది. 1966లో కె. బాలచందర్ తమిళంలో ఇదే పేరుతో ఓ సినిమా తీశారు. అంతకుముందు అది నాటకం. అందులో చూపు పోయిన రిటైర్డ్ మేజరు వేషం వేసిన సుందరరాజన్‌కి ఆ 'మేజర్' అన్నది ఇంటిపేరైపోయింది. జీవితాంతం మేజర్ సుందరరాజన్ గానే వున్నారు. సైన్యంలో ఒక్క రోజు పనిచేసి ఎరగరు! అదే కథని 1968లో తెలుగులో 'సుఖదుఃఖాలు'గా తీస్తే ఆ గుడ్డి మేజరు వేషం మన ఎస్.వి. రంగారావుది. ఆ సినిమాలో వాణిశ్రీ మీద తీసిన మల్లెల పాట గుర్తున్నంతగా జనానికి ఆ మేజరు గుర్తులేడు, అది వేరే సంగతి.

మరి దీనికి తిరగేసిన కథ కూడా వుంది. మలయాళం నుంచి వచ్చి మన తెలుగు సినిమాల్లోనూ విలన్‌గా తన్నులు తిన్న కెప్టెన్ రాజు వున్నారే, ఆయన పేరు ముందున్న 'కెప్టెన్' మాత్రం అచ్చంగా భారత సైన్యం ఇచ్చిందే. సైన్యంలో కెప్టెనుగా చేసి వచ్చి సినిమాల్లో చేరారు. ఆయన తెరమీద కనిపించినప్పుడల్లా మనం "వీణ్ణి ఇంకో రెండు తన్నండ్రా" అని అరిచాం. 2018లో పోయారు. నాటకంలో మేజరుకి సెల్యూట్లు, నిజం కెప్టెనుకి తన్నులు. సినిమా అంటే అంతే మరి!

ఇంకో తమాషా చెప్తాను. మన హీరోగారు ముప్పై ఎనిమిదో ఏట పుస్తకాలు చంకన పెట్టుకుని కాలేజీలో చేరి హీరోయిన్ని ఏడిపిస్తాడు. సరిగ్గా ఆ వయసుకి సిపాయి రిటైరై, రేకుపెట్టె భుజాన పెట్టుకుని రైలు దిగుతాడు. నేను వేళాకోళం ఆడటం లేదు. జవానుగా చేరినవాళ్ళలో చాలామంది పదిహేను, పదిహేడేళ్ళు చేసి, నలభై నిండకుండానే ఇంటికి వచ్చేస్తారు. పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ అన్నీ ఆ తర్వాతే. అందుకే మీ బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని స్టూలు మీద కూచున్నాయనా, అపార్టుమెంటు గేటు తీసే ఆయనా చాలాసార్లు మాజీ సైనికులై వుంటారు. ఒకప్పుడైతే సినిమా హాలు గేటు దగ్గర కూడా వుండేవారు.

ఇదిగో, అసలు సంగతికి వచ్చాను.

మాది గోదావరి జిల్లాలో ఓ చిన్న వూరు. ఆ జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అని ఓ వూరుంది, మిలట్రీ మాధవరం అంటే అందరికీ తెలుస్తుంది. ఒకటో ప్రపంచయుద్ధం నాటినుంచీ ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపుతున్న వూరది. మా వూరికి అంత పేరేమీ లేదు. మాకున్నది ఒక సినిమా హాలు, దానికో గేట్‌కీపరు. ఆయన్ని అందరూ మిలట్రీ బాబాయి అనేవాళ్ళు. ఖాకీ కోటు, దానికి రంగు రంగు బొత్తాలు (ఊడినప్పుడల్లా దొరికిన బొత్తాం కుట్టుకునేవాడు), చేతిలో టార్చిలైటు. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. మేం పిల్లలం టికెట్టు చింపించుకుంటూ కాళ్ళు టపటపలాడించి సెల్యూట్ కొట్టేవాళ్ళం. ఆయన నవ్వేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. చినిగిన సగం చేతిలో పెట్టి "నడు" అనేవాడు.

మూడు విషయాల్లో మాకు ఆయనంటే పరమ కోపంగా వుండేది.

ఆ రోజుల్లో సినిమా అయిపోయాక జనగణమన వేసేవారు. చైనా యుద్ధం తర్వాత వచ్చిన అలవాటది. మిగతా వూళ్ళలో 'శుభం' పడగానే జనం గేటు తోసుకుని పోయేవారు. మా వూళ్ళో కుదరదు. పాట చివరిదాకా అయితేగానీ బాబాయి గేటు తియ్యడు. ఆ ఈడ్చే కాలుతోనే నిటారుగా నిలబడి, తలుపుకి వీపు ఆనించి, చీకట్లోకి చూస్తూ వుండేవాడు. వెనకాల నేల టికెట్టు వాళ్ళు గొణుక్కునే మాటలు ఇక్కడ రాస్తే ఎడిటరు గారు కొట్టేస్తారు.

రెండోది రేడియో. ఫస్టు షో వేశాక హాలుకి ఎదురుగా బడ్డీకొట్టు దగ్గరికి వెళ్ళి కూచునేవాడు. కొట్టువాడు తెలుగు పాటలు పెట్టుకుంటే, ఏడింటికల్లా ముల్లు తిప్పేసి హిందీ పెట్టమనేవాడు. వివిధభారతిలో 'జైమాల' వచ్చే వేళ అది. ఫౌజీ సోదరుల కోసం అని ప్రత్యేకంగా వేసే పాటలు. ఎక్కడెక్కడో సరిహద్దుల్లో వున్నవాళ్ళు ఉత్తరాలు రాస్తే, పేర్లు చదివి, వాళ్ళడిగిన పాట వేసేవారు. అప్పుడప్పుడు సినిమా తారలే స్వయంగా వచ్చి ఆ కార్యక్రమం నడిపేవారు. మాకు హిందీ అర్థం కాదు. ఘంటసాల పాట మధ్యలో కట్టయిందన్న బాధే తెలుసు.

మూడోది చెప్పడానికి నాకు కొంచెం మొహమాటంగా వుంది. అయినా చెప్తాను.

1971 యుద్ధం అయిన కొత్తలో సినిమాకి ముందు న్యూస్‌రీల్లో యుద్ధం చూపించేవారు. ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ 'ఇండియన్ న్యూస్ రివ్యూ'. టాంకులు, ఫిరంగులు, విమానాలు. హాలంతా ఒకటే చప్పట్లు. మా హీరో ఫైటింగు కన్నా ఎక్కువ ఈలలు. ఆ రోజు ఫిరంగి మోత మొదలవగానే గుమ్మం దగ్గరున్న బాబాయి తెర తప్పించుకుని బయటికి వెళ్ళిపోయాడు. బెంచీ మీంచి ఎవడో "ఒరేయ్, మిలట్రీ బాబాయి పారిపోయాడ్రోయ్!" అని అరిచాడు. హాలు హాలంతా గొల్లున నవ్వింది.

అరిచింది ఎవడో కాదు. నేనే.

తర్వాత చదువులు, ఉద్యోగం, మద్రాసు, ఈ సినిమా రాతలు. వూరికి వెళ్ళడం తగ్గింది. మళ్ళీ 1999లో, కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు వెళ్ళాను. అదే హాలు ముందు షామియానా వేసి జవాన్ల కోసం విరాళాలు పోగుచేస్తున్నారు. ఆర్కెస్ట్రా వాళ్ళు దేశభక్తి పాటలు పాడుతున్నారు. వూళ్ళో పెద్దలందరూ స్టేజీ మీద వున్నారు. దండలూ ఉపన్యాసాలూ జోరుగా సాగుతున్నాయి. ఒక ముసలాయన కాలు ఈడ్చుకుంటూ వచ్చి డబ్బాలో మడత నోట్లు వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి రోడ్డుకి అటుపక్క నిలబడ్డాడు. బడ్డీకొట్టు వుండే చోట. ఆయన్ని స్టేజీ మీదికి పిలవాలని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే మొదట నాకూ తోచలేదు. వెళ్ళి పలకరించాను, అంతే.

"గుర్తుపట్టారా బాబాయ్?"

"పడతాను. పారిపోయానని అరిచింది నువ్వే కదూ!"

ఇరవై ఎనిమిదేళ్ళు! నేను మరిచిపోయాననుకున్నాను. ఆయన కోపంగా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. పక్కనే అరుగు మీద కూచున్నాం. జీవితంలో మొదటిసారి ఆయన్ని "మీ పేరేంటి బాబాయ్?" అని అడిగాను. నవ్వాడు. చెప్పాడు. ఆ పేరు ఇక్కడ వెయ్యను, పత్రికల్లో రాస్తే ఒప్పుకోనని అప్పుడే మాట తీసుకున్నాడు.

ఆయన 1962లో ఈశాన్య సరిహద్దులో వున్నాడట. మంచుకొండల్లో నూలు బట్టలు, కాన్వాసు బూట్లు. ఆ ఏడు మన సైనికులకి చలి బట్టలు సరిగా లేవన్న మాట తర్వాత చరిత్ర పుస్తకాల్లోనూ చదివాను. చేతన్ ఆనంద్ 'హకీకత్' (1964) చూసినవాళ్ళకి ఆ యుద్ధం ఎలా వుంటుందో కొంచెం తెలుస్తుంది. బాబాయి తుపాకుల మాట ఎత్తలేదు, చలి మాటే చెప్పాడు. బూటు తీస్తే వేళ్ళు కూడా బూటుతోనే వస్తాయేమోనని తియ్యలేదట. చివరికి ఆస్పత్రిలో వాళ్ళే తీశారు. ఎడమకాలి వేళ్ళు మూడు పోయాయి.

"న్యూస్‌రీలు వచ్చినప్పుడు బయటికెళ్ళేవారు..." అని నసిగాను.

"ఆ మోత వింటే కాలు సలిపేది బాబూ. లేని వేళ్ళు సలుపుతాయంటే మీకు నవ్వొస్తుందని చెప్పలేదు."

ఇంకా అడిగాను. మెడల్సు చూపిస్తారా అంటే అవెక్కడో పెట్టెలో వున్నాయన్నాడు. ఒక్క సంగతి మాత్రం తనంతట తాను, మొహం వెలిగిపోతూ చెప్పాడు. ఆస్పత్రిలో వున్నప్పుడు వార్డులో పదిమంది కలిసి జైమాలకి ఉత్తరం రాశారట. ఓ రోజు సాయంత్రం రేడియోలో వీళ్ళ పేర్లు చదివారు. "మన ఇంటిపేరు ఆ హిందీ అమ్మాయికి నోరు తిరగలేదు. నాలుగు ముక్కలు చేసి చదివింది. అయినా నా పేరే! దేశమంతా విన్నది కదా!" అన్నాడు. పాట ఏదో అడిగాను. గుర్తులేదన్నాడు. పాట ఎవడు విన్నాడు, పేరు చదివాక వార్డంతా కేకలే అన్నాడు.

అప్పుడు తెలిసింది, రోజూ ఏడింటికి ఆ ముల్లు ఎందుకు తిప్పించేవాడో. తనతో వున్నవాళ్ళ పేరు ఎవరిదైనా మళ్ళీ చదువుతారేమోనని.

రెండేళ్ళ తర్వాత పోయాడని ఎవరో చెప్పారు. నేను వెళ్ళలేదు. ఏదో షూటింగు రిపోర్టు వుండి వెళ్ళలేదు. ఏ షూటింగో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

అందుకే 'సీతారామం' చూసినప్పుడు హాల్లో అందరూ ప్రేమకథకి కళ్ళు తుడుచుకుంటుంటే నేను అంతకుముందే తుడుచుకున్నాను. లెఫ్టినెంట్ రామ్‌కి నా అన్నవాళ్ళు లేరని రేడియోలో చెప్పి, ఉత్తరాలు రాయండని శ్రోతల్ని అడుగుతారు. ముక్కూ మొహం తెలియని జనం రాసిన ఉత్తరాలు సంచులకొద్దీ వస్తాయి. కుర్రాళ్ళు కొందరు "ఇదంతా సినిమాటిక్ సార్, ఎవరు రాస్తారు?" అన్నారు నాతో. రేడియోలో ఒకసారి చదివిన తన పేరుని ముప్పై ఏడేళ్ళు దాచుకున్న మనిషిని నేను చూశాను నాయనా. ఆ సీను నాకు సినిమాటిక్‌గా అనిపించలేదు.

మన సినిమావాళ్ళు ఈ విషయంలో వెనకబడ్డారని అనను. 1965 యుద్ధం రోజుల్లో సావిత్రి ప్రధాని లాల్‌బహదూర్ శాస్త్రిని కలిసి, ఒంటిమీది నగలు తీసి రక్షణ నిధికి ఇచ్చేసిందన్న సంగతి 'మహానటి' (2018) చూసిన మీ అందరికీ తెలుసు. సునీల్‌దత్, నర్గీస్ దంపతులు 'అజంతా ఆర్ట్స్' పేరుతో ఓ బృందాన్ని వెంటబెట్టుకుని సరిహద్దుల దాకా వెళ్ళి జవాన్ల ముందు ఆడారు, పాడారు. మన కైకాల సత్యనారాయణ మొదటి సినిమా పేరే 'సిపాయి కూతురు' (1959)! ఆ సినిమా ఆడలేదు గానీ, ఆయన ఆగలేదు.

ఆడని సినిమా అంటే ఇంకోటి గుర్తొచ్చింది. 2003 చివర్లో జె.పి. దత్తా 'ఎల్.ఓ.సి. కార్గిల్' వచ్చింది. నాలుగు గంటల పైచిలుకు సినిమా. హిందీ హీరోలందరూ వున్నారు. మనవాడు నాగార్జున కూడా. హైదరాబాదులో చూశాను. నాగార్జున తెరమీదికి రాగానే ఈలలు, కాగితం ముక్కలు. రెండో ఇంటర్వెల్ ఎప్పుడిస్తాడ్రా అని మధ్యలో విసుగులు కూడా. నా పక్క కుర్రాణ్ణి అడిగాను, నాగార్జున వేసిన పాత్ర పేరేమిటో తెలుసా అని. "ఏదో మేజరండీ" అన్నాడు.

ఆ 'ఏదో మేజరు' పేరు పద్మపాణి ఆచార్య. ఒడిశా నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన కుటుంబం. తండ్రి వైమానిక దళంలో వింగ్ కమాండరుగా చేసి రిటైరైన మనిషి. పద్మపాణి రెండో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండరు. 1999 జూన్ 28న ద్రాస్ సెక్టారులో శత్రువు పట్టుకున్న కొండకొమ్మును తిరిగి పట్టుకోమని పంపారు. పైనుంచి గుళ్ళవాన. ఒళ్ళంతా గాయాలైనా పాకుతూ బంకరు దాకా వెళ్ళి గ్రెనేడ్లు విసిరారు. ఇక కదల్లేని స్థితి వచ్చాక, తనని అక్కడే వదిలేసి ముందుకు వెళ్ళమని మిగిలినవాళ్ళకి ఆజ్ఞ ఇచ్చారు. వాళ్ళు వెళ్ళి ఆ స్థావరం పట్టుకున్నారు. ఆయన తిరిగి రాలేదు. మరణానంతరం మహావీరచక్ర ఇచ్చారు. యుద్ధంలో చూపిన సాహసానికి పరమవీరచక్ర తర్వాత అదే పెద్దది.

చనిపోడానికి కొద్దిరోజుల ముందు ఆయన తండ్రికి ఓ ఉత్తరం రాశారు. అప్పుడు భార్య గర్భవతి. ఆవిడకి రోజుకో మహాభారత కథ చెప్పమని, పుట్టబోయే బిడ్డకి మంచి బుద్ధులు అబ్బుతాయని అందులో కోరారు. కొన్ని నెలలకి పాప పుట్టింది. మనకి సినిమాల్లో అభిమన్యుడి కథ తెలుసు, కడుపులో వుండగానే పద్మవ్యూహం విన్నాడని. అక్కడ యుద్ధవిద్య చెప్పారు. ఇక్కడ ఈ మేజరు, కొండమీద గుళ్ళ మధ్య కూచుని, కూతురికి మంచితనం చెప్పమన్నాడు. జె.పి. దత్తా ఆ నాలుగు గంటల్లో ఎన్ని బాంబులు పేల్చినా నాకు ఆ ఉత్తరం పక్కన ఆనలేదు.

2020 జూన్ 15న గల్వాన్‌లో ఇరవైమంది పోయారు. వాళ్ళకి నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆయనకీ మహావీరచక్ర వచ్చింది. సూర్యాపేటలో విగ్రహం పెట్టారు, బాగుంది. పోయినవాళ్ళకి మనం దండ వేస్తాం. చిక్కంతా తిరిగొచ్చినవాళ్ళతోనే. వాళ్ళు మన మధ్యనే తిరుగుతారు, కరెంటు బిల్లు క్యూలో మన వెనకే నిలబడతారు. ఏడాదికోసారి క్యాంటీను సీసా కోసం మాత్రం "ఏం బాబాయ్, ఎలా వున్నారు?" అని వరస కలిపే మహానుభావులు ప్రతి వూళ్ళోనూ వున్నారు. నవ్వకండి, మీలోనూ వుండొచ్చు!

మరి ఏం చెయ్యమంటారు అని అడుగుతారు మీరు. నన్ను అడిగితే, ముందు విశాఖపట్నం వెళ్ళండి. 'ఘాజీ' (2017) చూసి రానాకి జై కొట్టారు కదా! 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకి పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖ తీరంలోనే మునిగింది. సినిమాలో సబ్‌మెరైనుకీ సబ్‌మెరైనుకీ యుద్ధం పెట్టారు గానీ, మన నౌకాదళం చెప్పే లెక్కలో వున్నది ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే యుద్ధనౌక. సరే, సినిమా కదా. ఆర్.కె. బీచిలో ఇసుక మీద ఐ.ఎన్.ఎస్. కురుసుర అనే అసలు సబ్‌మెరైను వుంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 2001లో రిటైరైంది. 2002 నుంచి మ్యూజియం. తొంభై ఒక్క మీటర్ల ఇనప గొట్టం. లోపల డెబ్బై అయిదుమంది దాకా వుండేవారట, ఒకడు పడుకుంటే ఇంకొకడు లేవాలి!

అందులో మీకు చూపిస్తూ వివరాలు చెప్పే గైడ్లున్నారే, వాళ్ళలో నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్ళున్నారు. జనం వాళ్ళ మాట సగం విని, పెరిస్కోపు దగ్గర ఫొటో దిగి, బయటికొచ్చి మొక్కజొన్న పొత్తు కొనుక్కుంటారు. మీరు అలా చెయ్యకండి. ఒక్క నిమిషం ఆగి, "మీరు ఏ నౌక మీద చేశారండీ? సముద్రం మీద ఎన్నాళ్ళున్నారు?" అని అడిగి చూడండి. రానా చెప్పిన డైలాగుల కన్నా మంచివి వినిపించకపోతే నన్నడగండి.

రెండోది డిసెంబరు 7. సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచీ జరుపుతున్నారు. మా చిన్నప్పుడు స్కూల్లో కాగితపు జెండా ఇచ్చి, గుండుసూదితో చొక్కాకి గుచ్చి, పది పైసలో పావలావో తీసుకునేవారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, మూడిటికీ మూడు రంగులు. మేం ఆ జెండా సాయంత్రానికల్లా నోట్సు పుస్తకంలో గుర్తుకి పెట్టుకునేవాళ్ళం. ఆ పావలా ఎక్కడికి పోతుందో మాకెవరూ చెప్పలేదు. యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్న ఆడవాళ్ళకీ, కాళ్ళూ చేతులూ పోయినవాళ్ళకీ, మాజీ సైనికులకీ, వాళ్ళ పిల్లల చదువులకీ పోతుంది. జిల్లా కేంద్రంలో సైనిక సంక్షేమ కార్యాలయం వుంటుంది, అక్కడ ఇవ్వచ్చు. ఫోనులోంచి కూడా పంపచ్చు. బాల్కనీ టికెట్టు ధర పంపినా చాలు. మొదటి రోజు మొదటి ఆటకి బ్లాకులో కొన్న టికెట్టు ధర పంపితే ఇంకా మంచిది, అది ఎక్కువ కదా!

ఇక ఆ కాలేజీ కుర్రాడికి జవాబు బాకీ వున్నాను. దాటెయ్యడం లేదు నాయనా. నా ఓటు రంగు రంగు బొత్తాల ఖాకీ కోటుకి. ఆయన ఏ సినిమాలోనూ నటించలేదు గనక నీ పోటీ రూల్సుకి సరిపడకపోవచ్చు. అప్పుడు నువ్వు మహేష్‌బాబుకే వేసుకో, నాకేం అభ్యంతరం లేదు.

మీ అందరికీ ఓ పని అప్పజెప్తున్నాను. మీ వీధిలోనో, మీ కాలేజీ గేటు దగ్గరో, మీ బంధువుల్లోనో సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు ఒకరైనా వుంటారు. వెళ్ళి కూచోండి. పేరు అడగండి, ఏ రెజిమెంటు, ఎక్కడెక్కడ చేశారు, అక్కడ ఏ పాట వినేవారు, ఏ సినిమా చూశారు, అన్నీ అడగండి. యుద్ధం సంగతి వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి, తవ్వి తవ్వి అడక్కండి. వాళ్ళు ఒప్పుకుంటేనే పేరు రాసి ఈ శీర్షికకి పంపండి. వచ్చిన పేర్లన్నీ వరసగా ఇక్కడ వేస్తాను. ఆ వారం గాసిప్పులు లేవని గొడవ చెయ్యకూడదు మరి. ఇంటిపేర్లు మాత్రం స్పష్టంగా, విడివిడిగా రాయండి. మా కంపోజింగు కుర్రాడికి చేతిరాత ఒక పట్టాన అర్థం కాదు, నాలుగు ముక్కలు చేసేస్తాడు.